ఎనభై నాలుగు మాత్రలు

మూడో విడత – 2వ రోజు

నిన్న పొద్దున గద్ద వచ్చింది. గద్ద అంటే పట్నం పెద్దాసుపత్రి నుంచి మందులు మోసుకొచ్చే ఎగిరే యంత్రం. సముద్రపు కట్ట మీది మా ఊళ్ళో, ఈ పన్నెండో గట్టు మీద, దాన్ని ఇంకో పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఊదారంగు పెట్టె ఒకటి మెట్ల మీద దించి, నా బొటనవేలి ముద్ర తీసుకుని, రెక్కలైనా ఆపకుండా వెళ్ళిపోయింది. ఎప్పుడూ అంతే తొందర దానికి.

ఊదా పెట్టె అంటే క్యాన్సర్ మందు. దాన్ని రాసేది పెద్దాసుపత్రి. మోతాదు మార్చేదీ వాళ్ళే, ఆపేదీ వాళ్ళే. ఊరి డాక్టర్ని కాబట్టి నా పని పెట్టెను పేషెంటుకు అప్పగించడం, రక్తం తీసి అంకెలు పంపడం, ‘తీసుకుంది’ అని రోజూ ఫారంలో గీత పెట్టడం. మూత మాత్రం నేను తీయకూడదు. ఆ మందు ఇంకొకరి చర్మానికి తగలకూడదని పేషెంటు వేలిముద్రకే తెరుచుకునేలా చేశారు. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకది హాయిగానే అనిపించింది. ఆరువందల నలభై మంది జనానికి నేనొక్కదాన్నే డాక్టర్ని. ఈ ఒక్క పెట్టె గురించయినా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు కదా అనుకున్నాను.

పేషెంటు చెంగమ్మత్త. వరసకు అత్త కాదు, ఊరందరికీ అత్తే. యాభై ఎనిమిదేళ్ళు. మా ఊరి మందు గంట ఆమె చేతిలో ఉంటుంది.

ఆ గంట ఎందుకొచ్చిందో రాయాలంటే దగ్గు ఏళ్ళ గురించి రాయాలి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. కాస్త నెమ్మదించగానే జనం మాత్రలు మానేసేవాళ్ళు. మానేసిన ఒంట్లో క్షయ మొండికేసి పక్కింటికి పాకేది. గట్టు మీద సగం ఇళ్ళు అలా ఖాళీ అయ్యాయి. మా అమ్మ అలాగే పోయింది. ఆ తర్వాత పెట్టుకున్నదే గంట. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చెంగమ్మత్త గంట కొడుతుంది. ఎవరి ఆల్చిప్ప వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడతారు. చిప్పలో క్షయ రాకుండా ఆ పూట మాత్ర. ఆమె చూస్తుండగా మింగి, చిప్ప బోర్లించి కదలాలి. నేనూ రోజూ నిలబడతాను. ఇరవై ఆరేళ్ళలో, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఒక్క పూట తప్పలేదు. ఖాళీ చిప్పతో వరసలోకి వచ్చిన మనిషిని ఊరికి కీడు తెచ్చినట్టు చూస్తారు మా వాళ్ళు.

ఆమెకు పెద్దపేగులో గడ్డ కోసి తీశారు. కాలేయంలో చిన్న మచ్చలు మిగిలాయి. వాటికే ఈ మందు. విడతకు ఇరవై ఒక్క రోజులు: పద్నాలుగు రోజులు పూటకు మూడు చొప్పున రోజుకు ఆరు మాత్రలు, తర్వాత ఏడు రోజులు విరామం. పెట్టెలో ఎనభై నాలుగు. ఇది తీసుకున్నన్నాళ్ళూ ఊరందరూ మింగే క్షయ మాత్ర ఆమెకు ఆపేశారు, రెండూ కలిస్తే కాలేయం తట్టుకోదని.

మచ్చల సంగతి రక్తంలో ఒక అంకె చెబుతుంది. మొదలుపెట్టినప్పుడు ఇరవై రెండు. రెండు విడతలయ్యాక ముప్పై ఐదు. తగ్గాల్సింది పెరిగింది. నాకు భయంగా ఉంది.

మూడో విడత – 6వ రోజు

పొద్దున్నే గాలిమరకు పట్టిన ఉప్పు గీకాను. గీకకపోతే బ్యాటరీ నిండదు, నిండకపోతే రక్తం చూసే యంత్రం మొరాయిస్తుంది. చదువుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు, డాక్టరు ఉద్యోగంలో సగం ఉప్పు గీకడమేనని.

చెంగమ్మత్త గంట కొట్టి తిన్నగా నా ఆసుపత్రికే వచ్చింది.

‘‘నోరు తెరువత్తా.’’

‘‘ఏం జూస్తావు మే నా నోట్లో? పుండ్లు లేవు, పూత లేదు. రాత్రి పీతల పులుసుతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నా.’’

‘‘చేతులు చూపించు.’’

చూపించింది. గంట తాడు లాగి లాగి కాయలు కాసిన అరచేతులు. ఈ మందు వాడేవాళ్ళకు రెండో విడతకల్లా అరచేతులు ఎర్రబడి పొరలు లేస్తాయని పుస్తకాల్లో ఉంది. ఈమెకు గోరంత ఎరుపు కూడా లేదు. ఈ మందుకు పడిపోవాల్సిన తెల్ల కణాలు ఆరువేల రెండువందలు. నావి ఐదువేల ఎనిమిదివందలు. ఆ మాట చెబితే పడీ పడీ నవ్వింది.

‘‘మందు బాగా పడింది నాకు. నువ్వే ఏదో పోగొట్టుకున్నట్టు మొగం బెట్టుకోనుండావు.’’

సాయంత్రం ఆకాశం తెరిచింది. మబ్బులేని పూట నాలుగు నిమిషాలు పట్నంతో తెర మీద మాట్లాడొచ్చు. అవతల ఊదా పెట్టెల విభాగం చూసే ఫార్మసిస్టు షంషాద్. మనిషి మంచిదే కానీ ఎప్పుడూ మూడు పనుల మధ్యలో ఉంటుంది.

‘‘దుష్ప్రభావాలు ఏమన్నా ఉన్నాయా డాక్టర్ గారూ?’’

‘‘ఒక్కటీ లేదు. అదే నాకు అర్థం కావట్లేదు.’’

‘‘కొందరికి అంతే, అదృష్టం. మందు సరిగ్గా తీసుకుంటోంది కదా?’’

నాకు ఒళ్ళు మండింది. ‘‘పన్నెండో గట్టు వాళ్ళనా మీరు ఆ మాట అడుగుతున్నది?’’

‘‘అయ్యో, తప్పయిపోయింది,’’ అని నవ్వేసింది. ఫారంలో ఆరో రోజు గీత పెట్టి పంపేశాను.

మూడో విడత – 9వ రోజు

అంకె యాభై ఒకటి.

యంత్రమే తప్పు చూపిస్తోందేమోనని నా రక్తం పెట్టి చూశాను. నాది మామూలుగానే వచ్చింది. ఇంకోసారి ఆమెది పెట్టాను. మళ్ళీ యాభై ఒకటే. అన్నం సయించలేదు.

మందు ఒంట్లోకి పోతూ కూడా పనిచేయట్లేదంటే ఏదో అడ్డుపడుతుండాలి. పట్నం వాళ్ళకు ఈమె ఇంట్లో ఏం తింటుందో, ఏ ఆకు నూరుకుని తాగుతుందో తెలియదు. తెలియాల్సింది నాకు. అందుకని ఉన్న పని వదిలేసి వాళ్ళింటికి వెళ్ళి వంటగది మొత్తం వెతికాను. సొరుగుల్లో, ఉట్టి మీద, ఎండబెట్టిన ఆకుల మూటల్లో కూడా. ఊదా పెట్టె దేవుడి గూట్లో ఉంది. దాని జోలికి మాత్రం పోలేదు.

‘‘ఏమన్నా కషాయాలు తాగుతున్నావా అత్తా? నిజం చెప్పు, తిట్టను.’’

‘‘కషాయమా? నేనా? నీకేమన్నా పిచ్చా మే? డాక్టరు రాసింది తప్ప నోట్లో బెట్టుకుంటే నా కళ్ళు పోవాల. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మాత్ర ఊసేస్తంటే ముక్కు మూసి మింగిచ్చినదాన్ని నేను. నాకా జెప్తుండావు?’’

ఆ రోజుల్లో ఆమె రెండు పూటలా మా ఇంటికి రాకపోయి ఉంటే అమ్మ వెనకే నేనూ పోయేదాన్ని. తలొంచుకుని వచ్చేశాను.

మూడో విడత – 13వ రోజు

పెద్దాసుపత్రి నుంచి లేఖ. యంత్రం రాసింది, కింద నలుగురు డాక్టర్ల ముద్రలు. ఇరవయ్యో రోజు పరీక్షలో అంకె అరవై దాటితే ‘మందుకు లొంగని గడ్డ’గా లెక్క. నాలుగో పెట్టె రాదు. పేషెంటు పేరు ఊరట జాబితాలోకి వెళుతుంది. ఊరట జాబితా అంటే నొప్పి తగ్గే మందు తప్ప ఇంకేమీ ఇవ్వరు. అందులోకి వెళ్ళిన పేరు వెనక్కి వచ్చింది లేదు.

పొద్దున వచ్చిన లేఖ మధ్యాహ్నం దాకా చెప్పలేకపోయాను. చెప్పాక ఆమె కాసేపు సముద్రం వైపు చూసింది. గంట తాడు ముడి విప్పి మళ్ళీ వేసింది.

‘‘ఒక్క రోజన్నా మందు మానలేదు గదా మే. ఇంకేం జెయ్యాల నేను?’’ అంది.

చిన్నపిల్లలా అడిగింది. ఇన్నేళ్ళలో ఆమె గొంతు అలా వినలేదు.

మూడో విడత – 16వ రోజు

ఇది రాయడానికి మనసొప్పట్లేదు. అయినా రాయాలి.

విరామం వారం నిన్న మొదలైంది. ఆ వారం చెంగమ్మత్త చిప్ప ఖాళీగా ఉంటుందని నాకు ఇవాళ పొద్దున వరసలో నిలబడ్డప్పుడు తట్టింది. మూడు విడతలకు ఇప్పుడు తట్టింది! అందరూ మింగాక చివర్న తను సముద్రం వైపు తిరిగి చిప్ప ఎత్తి మింగుతుంది. ఆమెను తనిఖీ చేసేవాళ్ళెవరూ లేరు. మరి ఇవాళ చిప్పలో ఏముంది? పాపం, ఖాళీ చిప్ప ఎత్తి నటిస్తోందేమో, నాలుగు గ్లూకోజు బిళ్ళలు ఇద్దామని జేబులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

‘‘నాకెందుకు మే ఇయి? నా మందు నాకుండాది,’’ అంటూ గూట్లోంచి పెట్టె తీసి వేలు పెట్టి తెరిచింది.

లోపల మాత్రలున్నాయి. పదహారో రోజు ఒక్కటి కూడా ఉండకూడదు. నేను తొడుగులు వేసుకుని లెక్కపెట్టాను. ఇరవై రెండు.

‘‘ఇవేంటత్తా?’’

‘‘ఇరవయ్యొక్క రోజులకీ సరిపెట్టుకుంటుండా. పొద్దున రెండు, సాయంత్రం రెండు. మొదటి పెట్టె నించీ ఇంతే.’’ గర్వంగా చెప్పింది.

‘‘పూటకు మూడు కదా! రోజుకు ఆరు. తర్వాత ఏడు రోజులు మానమని కాగితంలో రాశారు. నేనూ చెప్పాను!’’

‘‘చెప్పినావు. కాగితమూ జదివినా. పట్నంలో కూర్చోని ఎవురో తప్పు రాసినారనుకున్నా. మందు మానమని ఏ డాక్టరన్నా రాస్తాడా? మన ఊళ్ళో ఎంతమంది పోయినారు మే, వారం మానేసి? ఏడు రోజులు నేను ఖాళీ చిప్పతో నిలబడితే రేపు ఎవురు మింగతారు నా ముందర?’’

రోజుకు ఆరు పడాల్సిన చోట నాలుగు పడ్డాయి. గడ్డకు దెబ్బ తగలనే లేదు. అరచేతులు బాగున్నాయని, రక్తం బాగుందని మేమంతా మురిసిపోయాం. ఇప్పుడు మందు పనిచేయలేదని తీర్పిచ్చి ఆమెను జాబితాలోకి తోసేస్తారు. మందు ఆమెకు సరిగ్గా అందనే లేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఫారంలో విరామం అని రాసే గడి లేదు. రోజు ఖాళీగా వదిలితే ఫారం పోదు. అందుకని మూడు విడతల్లోనూ ఇరవై ఒక్క రోజులకూ నేనే గీతలు పెట్టాను. చూడకుండా, అడగకుండా. ఎందుకంటే నేనూ ఈ గట్టు మనిషినే. గీత లేని రోజు చూస్తే నాకూ గుండె ఝల్లుమంటుంది.

నా బుద్ధి గడ్డి తిందా అని ఇప్పుడు తిట్టుకుని ఏం లాభం?

మూడో విడత – 17వ రోజు

పొద్దున మళ్ళీ వెళ్ళాను. మిగిలిన మాత్రలు ముట్టుకోవద్దన్నాను. మరునాడు ఆకాశం తెరిస్తే షంషాద్‌తో మొత్తం చెప్పేస్తానన్నాను. చెంగమ్మత్త మొహం మాడిపోయింది.

‘‘చెప్తే ఏమైతాది?’’

దాచకుండా చెప్పాను. మందు నమోదులో అబద్ధం దొరికితే గట్టుకు సొంత గంట హక్కు పోతుంది. ప్రతి గడప మీదా కన్ను పెడతారు. కన్ను అంటే నోట్లో మాత్ర పడిందో లేదో చూసే యంత్రం. పదకొండో గట్టుకు అలాగే పెట్టారు. అక్కడ కన్ను ఎర్రగా వెలిగిన ఇంటికి మరుసటి వారం నీళ్ళ వాటా ఆగిపోతుంది.

‘‘అయితే చెప్పొద్దు. నా ఒక్కదాని పానం కోసం ఊరందరి గడపల మీద కళ్ళు బెట్టిస్తావా? ఇరవయ్యారేళ్ళు కాపాడుకొస్తి ఈ గంట.’’

‘‘చెప్పకపోతే పెట్టె రాదత్తా. చచ్చిపోతావు.’’ అనకూడని మాట అనేశాను.

‘‘పోతే పోతా. నా ఒళ్ళు, నా ఇష్టం. నువ్వు చెప్పినావంటే నా మొగం జూడొద్దు.’’

సాయంత్రం గట్టు పెద్ద మునెయ్య వచ్చాడు. ఆమే పంపి ఉంటుంది. పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. బల్ల మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

‘‘అమ్మా కుమారీ, నాకు డాక్టరు చదువు తెలవదు. వచ్చే పెట్టెకి ఆమె సరిగ్గా మింగేట్టు నేను జూస్తా. మనలో మనమే దిద్దుకుందాం. బయటికెందుకు?’’

‘‘వచ్చే పెట్టె ఉంటే కదా పెదనాయనా!’’

ఆయన తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత, ‘‘ఆమె వద్దంటుండాది గదమ్మా,’’ అన్నాడు. అది నిజమే. పేషెంటు వద్దన్న మాట బయటపెట్టడం తప్పని నాకు నేర్పారు. నేనే ఇంకొకరికి నేర్పాను కూడా.

మూడో విడత – 18వ రోజు

మబ్బు. ఆకాశం తెరవలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, మబ్బు పట్టినందుకు ప్రాణం కుదుటపడింది. మధ్యాహ్నానికి అదే మబ్బు చూసి ఏడుపొచ్చింది. ఇంక రెండు రోజులే.

చెప్పకుండా దిద్దే దారి ఉందేమోనని కాగితాలు తిరగేశాను. యంత్రం అంకె నేను మార్చి పంపొచ్చు. అరవై దాటితే యాభై ఐదని వేయొచ్చు. పెట్టె వస్తుంది. కానీ అంకెను చూసి రేపు వాళ్ళు మోతాదు ఎంత రాస్తారో, అది ఆమె రక్తాన్ని ఎక్కడికి దింపుతుందో ఎవరికి తెలుసు? ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం వేసి ఆ మందు మింగించలేను. ఆ లెక్క వేసుకున్న కాగితం చింపేశాను.

మూడో విడత – 19వ రోజు

చెప్పేశాను.

పొద్దున ఎనిమిదింటికి ఆకాశం తెరిచింది. షంషాద్ ఏదో చదువుకుంటూ, ‘‘చెప్పండి డాక్టర్ గారూ,’’ అంది. మొత్తం ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె చేతిలో కాగితం పక్కన పెట్టింది.

‘‘ఖాళీ పెట్టె పదిహేనో రోజు మాకు తిరిగి రావాలి,’’ అంది నెమ్మదిగా. ‘‘మీ గట్టు నుంచి ఇరవై రెండో రోజు వస్తోంది. గద్ద ఆలస్యమేమో అనుకున్నాం.’’

‘‘నేను ఇరవై ఒక్క రోజులకూ గీతలు పెట్టాను. మీరు చూడలేదా?’’

‘‘ఆ ఫారం మా విభాగానికి రాదండీ. మందు తీసుకున్నదీ లేనిదీ మీరు చూస్తారని మేం...’’

‘‘మీరు లెక్కపెడతారని నేను.’’

నాలుగు నిమిషాల్లో మూడు అయిపోయాయి. తర్వాత ఆమె అడిగింది, ‘‘పేషెంటు ఒప్పుకుందా, నాకు చెప్పడానికి?’’

‘‘లేదు.’’

‘‘నేను రాసుకుంటే మీకు కష్టమవుతుంది. తెలుసా?’’

‘‘తెలుసు. రాసుకోండి,’’ అన్నాను.

మూడో విడత – 20వ రోజు

అంకె అరవై నాలుగు. ఉన్నది ఉన్నట్టు పంపాను.

సాయంత్రానికి నిర్ణయం వచ్చింది. ఇంత వేగంగా అక్కడ ఏ పనీ జరగగా చూడలేదు. మూడు విడతలూ చెల్లవు. నాలుగో పెట్టె వస్తుంది, పాత మోతాదే, ఒక్క విడత. చివర్లో అంకె తగ్గితే మందు సాగుతుంది. లేకపోతే జాబితా. పన్నెండో గట్టుకు మూడేళ్ళపాటు సొంత గంట హక్కు రద్దు. నా సంతకం రద్దు, విచారణ ముగిసేదాకా. ఐదో గట్టు డాక్టరు మా ఊరిని దూరం నుంచి చూస్తాడట. చెంగమ్మత్త రిపోర్టులు ఇకమీదట నాకు కనపడవు.

ఆమెకు చెప్పడానికి వెళ్ళాను. తలుపు తీయలేదు. లోపలున్నట్టు అలికిడి వినిపిస్తూనే ఉంది.

నాలుగో విడత – 1వ రోజు

ఇది ఇప్పుడు ఆసుపత్రి నమోదు కాదు, నా సొంత పుస్తకం. రోజులు మాత్రం ఆమె విడతల ప్రకారమే వేస్తున్నాను. ఇంకోలా లెక్కపెట్టడం మర్చిపోయాను.

పొద్దున రెండు గద్దలు వచ్చాయి. ఒకటి ఊదా పెట్టె తెచ్చింది, ఇంకొకటి కళ్ళు. సాయంత్రానికి నూట ముప్పై గడపల మీద బిగించేశారు. నీళ్ళ పంపు దగ్గర నేను బిందె పెట్టగానే మాటలు ఆగిపోయాయి. మునెయ్య పెదనాయన నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

నాలుగో విడత – 11వ రోజు

చెంగమ్మత్త వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని ఉంటే ఆసుపత్రి కిటికీలోంచి కనిపించింది. రెండు చేతులూ తడిగుడ్డలో చుట్టుకుంది. నడిస్తే అడుగడుగుకూ ఆగుతోంది. పాదాలు కూడా పొరలు లేచి ఉంటాయి. మందు ఒంటికి పట్టిందని సంతోషించాలా? నాకు సంతోషం రాలేదు. తెల్ల కణాలు ఎంతున్నాయో తెలియదు. జ్వరం వస్తే గంటల్లో మనిషి పోవచ్చు. ఐదో గట్టు డాక్టరుకు రెండుసార్లు కబురు పెట్టాను, ‘చూస్తున్నాం’ అని మాత్రం వచ్చింది. నేను కూడా పేషెంట్ల వాళ్ళకు అదే చెప్పేదాన్ని.

మజ్జిగ జావ కాచి గడప దగ్గర పెట్టి వచ్చాను. సాయంత్రం చూస్తే గిన్నె అక్కడే ఉంది. ఈగలు ముసిరాయి.

నాలుగో విడత – 15వ రోజు

విరామం మొదటి రోజు.

హక్కు పోయినా పొద్దున గంట ఆగలేదు, అలవాటు కొద్దీ ఎవరో ఒకరు కొడుతున్నారు. జనం వస్తున్నారు, గడప మీది కన్ను ముందు మింగేసి కూడా వస్తున్నారు. ఇవాళ చెంగమ్మత్త వచ్చింది. పదిహేను రోజుల్లో సగమైపోయింది మనిషి. చిప్ప పట్టుకుని, అందరూ చూసేలా వెల్లకిలా పట్టుకుని, వరస మధ్యలో నిలబడింది. అందులో ఏమీ లేదు.

వెనకెవరో గొణిగారు. ఆమె తిరిగింది.

‘‘నాకియ్యాల మందు లేదు. ఏడు రోజులు ఉండదు. అట్టాగే రాసినారు డాక్టర్లు. నేను తెలివిమాలి ఇనలేదు. ఎవురికన్నా ఇంకా ఏమన్నా కావాల్నా?’’

పుండ్లు పడిన నోటితో ఆ నాలుగు మాటలూ అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఎవరికీ ఏమీ అక్కర్లేకపోయింది. వరస చివరిదాకా అలాగే నిలబడి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు.

నాలుగో విడత – 21వ రోజు

నిన్న రక్తం తీసి ఉంటారు. ఇవాళ అంకె వస్తుంది. నాకు రాదు.

పొద్దుటి నుంచి నాలుగుసార్లు గాలిమర ఎక్కాను. గీకడానికి ఉప్పు కూడా లేదు. మధ్యాహ్నం మందుల అల్మరా సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దాను. మూడింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక్కో మెట్టుకూ ఆగుతున్న అడుగులు. నేను లేచి నిలబడ్డాను కానీ తలుపు దాకా పోలేకపోయాను.

చెంగమ్మత్త లోపలికొచ్చి బల్ల మీద కూర్చుంది. నేను మంచినీళ్ళు ఇస్తే తాగింది.

‘‘నీ మీద కోపం పోలేదు నాకు,’’ అంది.

‘‘సరే అత్తా.’’

‘‘పోతాదని గూడా చెప్పలేను.’’

‘‘సరే.’’

కొంగు ముడిలోంచి ఒక చీటీ తీసింది. వేళ్ళు సరిగా వంగక ఆ ముడి విప్పడానికి అవస్థ పడింది. నేను సాయం చేయబోతే చేయి పక్కకు తీసేసుకుంది.

‘‘ముప్పై తొమ్మిదంట. ఐదో గట్టు డాక్టరు తెర మీద కనపడి చదివేసి పెట్టేసినాడు. మంచిదో చెడ్డదో చెప్పలేదు. పోయినసారి ఎంతుండింది?’’

‘‘అరవై నాలుగు.’’ చీటీలోకి వంగి చూశాను. మళ్ళీ చెప్పాను. ‘‘అరవై నాలుగు ఉండింది. తగ్గింది అత్తా. మందు పనిచేస్తోంది. ఐదో పెట్టె వస్తుంది.’’

నేను ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. చీటీ మళ్ళీ జాగ్రత్తగా మడిచింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

‘‘రేపు పెట్టె వస్తాది. పొద్దునా సాయంత్రం మా ఇంటికి రా.’’

‘‘గడప మీద కన్ను ఉంది కదా అత్తా. నాకు సంతకం కూడా లేదు.’’

‘‘కన్ను రెండు జూసినా పచ్చగానే ఎలగతాది, మూడు జూసినా పచ్చగానే ఎలగతాది. దానికి నేనెవురో తెలవదు.’’ తలుపు పట్టుకుని నిలబడింది. ‘‘నాకు భయంగా ఉండాది మే. నాలుగు రోజులు పోతే మళ్ళీ ఒకటి దాచిపెట్టుకుంటానేమోనని. నువ్వొచ్చి జూడు.’’

వస్తానన్నాను.